గుర్రపుడెక్క కింద చెరువుంది: మ్యాపుల మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

బుడమేరు వరద తర్వాత ఈ శీర్షికకి వచ్చే ఉత్తరాల్లో మ్యాపుల గురించి అడిగేవి బాగా పెరిగాయి. చెరువులు, కొండలు, పక్షులు, మడ అడవులు, వీటిని కాపాడుకోవడానికి ఈ శాటిలైట్ ఫొటోలు ఎంతవరకు పనికొస్తాయి అని అడుగుతున్నారు. నేను విజయవాడలో ఉంటూ చాలా ఏళ్లు ఇదే పని చేశాను కాబట్టి తెలిసినంతవరకు సూటిగా చెబుతాను. అన్నిటికీ ఒకేసారి చోటు లేదు, ఈసారికి ఆరు ఉత్తరాలు.

మా ఊరి చెరువుని ఒకవైపు నుంచి మట్టి తోలి పూడ్చేస్తున్నారు మేడమ్. నా చిన్నప్పుడు ఎంత ఉండేదో నాకు గుర్తుంది, కానీ ఊళ్లో పెద్దవాళ్లని అడిగితే ఎప్పుడూ ఇంతే ఉంది అంటున్నారు. శాటిలైట్ ఫొటోలతో నిరూపించొచ్చా? నా దగ్గర ఫోను, కాలేజీ ల్యాబ్‌లో కంప్యూటర్ తప్ప ఏమీ లేవు.
– డిగ్రీ విద్యార్థి, గుంటూరు

నిరూపించొచ్చు తమ్ముడూ, నీ దగ్గరున్నవి చాలు. కంప్యూటర్లో గూగుల్ ఎర్త్ ప్రో వేసుకో, ఉచితమే. పైన గడియారం బొమ్మ ఒకటి ఉంటుంది, అది నొక్కితే మీ ఊరి పాత ఫొటోలు తేదీలవారీగా వస్తాయి. బాగా స్పష్టంగా ఉన్న ఫొటో ఒకటి పాతది, ఒకటి కొత్తది తీసుకుని రెండింటి మీదా చెరువు గట్టు వెంట గీత గీస్తే లోపలి వైశాల్యం అదే చెబుతుంది. ఆ రెండు గీతల ఫైళ్లూ దాచిపెట్టు, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ కూడా తీసి పెట్టుకో.

ఇక్కడ ఒక లెక్క తెలిసుండాలి. అమెరికా వాళ్ల ల్యాండ్‌శాట్ 1972 నుంచి భూమిని ఫొటోలు తీస్తోంది, 2008 నుంచి ఆ ఫొటోలు అందరికీ ఉచితం, కాబట్టి చాలామంది నేరుగా దాని దగ్గరికి పరిగెత్తుతారు. కానీ 1980ల తర్వాతి ఫొటోల్లో కూడా ఒక్కో చుక్క నేలమీద 30 మీటర్లు పొడవు, 30 మీటర్లు వెడల్పు. అంటే ఎకరం చెరువు నాలుగైదు చుక్కలు. ఒక మూల పూడిస్తే దాన్లో ఏం తెలుస్తుంది? కొల్లేరు అంత పెద్దదైతే అది బ్రహ్మాండంగా పనికొస్తుంది, ఊరి చెరువుకి మాత్రం 2015 నుంచి తిరుగుతున్న యూరప్ వాళ్ల సెంటినల్-2 నయం. దాని చుక్క 10 మీటర్లు, ఎకరానికి నలభై చుక్కలు పడతాయి. అదీ ఉచితమే.

రెండు ఫొటోలూ ఒకే నెలవి కావాలి, ఇది మర్చిపోవద్దు. నవంబరు ఫొటోని మే నెల ఫొటోతో పోల్చి చెరువు సగమైపోయింది అంటే నీ అర్జీ మొదటి రోజే వీగిపోతుంది. పైగా మన వైపు చాలా చెరువులకి నీళ్లు వాన నుంచి కాదు, కాలవ నుంచి వస్తాయి. కాలవ వదలక ముందు తీసిందా, వదిలాక తీసిందా అన్నది ఊళ్లో అడిగి తెలుసుకోవాల్సిందే, ఏ శాటిలైటూ చెప్పదు.

ఇప్పుడు నా అనుభవం ఒకటి చెప్పాలి, ఎందుకంటే నువ్వు ఆ తప్పు చేయకూడదు. నీరు సూర్యుడి వెలుగులోని పరారుణ కాంతిని మింగేస్తుంది కాబట్టి ఆ రకం ఫొటోలో నల్లగా పడుతుంది, పచ్చని ఆకు అదే కాంతిని వెనక్కి కొడుతుంది కాబట్టి మెరుస్తుంది. ఈ తేడాని లెక్కలో పెట్టి కంప్యూటర్ ఏది నీరో ఏది నేలో విడదీస్తుంది. నేను ఒకసారి ఇలాగే డెల్టాలో కొన్ని మండలాల చెరువుల జాబితా చేస్తూ ఒక ఊళ్లో చెరువు పూర్తిగా పోయిందని ఎర్ర గుర్తు పెట్టాను. వరసగా మూడేళ్ల ఫొటోల్లో నల్లని చుక్క ఒక్కటి లేదు, అంతా పచ్చగా పొలంలాగే ఉంది. సరిచూద్దామని వెళ్తే గట్టు మీద ఒక పెద్దాయన పొడుగాటి వెదురు గెడకి కొక్కెం కట్టి గుర్రపుడెక్కని లాగుతున్నాడు. లాగిన చోట చాపంత మేర నల్లటి నీళ్లు కనపడ్డాయి, ఆయన గెడ దించితే సగం పైగా మునిగింది. చెరువు పోయిందని రాసుకున్నామండీ అంటే "చెరువెక్కడికి పోద్దమ్మా, దీని కిందే ఉంది" అన్నాడు. ఆ సాయంత్రమే జాబితా మొత్తం పక్కన పెట్టి, పచ్చగా కనిపించిన ప్రతి చెరువు దగ్గరికీ వెళ్లడం మొదలుపెట్టాను.

కాబట్టి నువ్వు చూడాల్సింది నీళ్లు ఉన్నాయా లేవా అని కాదు, గట్టు ఆకారం మారిందా అని. పూడ్చిన వైపు అంచు రూళ్లకర్రతో గీసినట్టు తిన్నగా ఉంటుంది, కొత్త మట్టి తెల్లగా మెరుస్తుంది, అక్కడికి ట్రాక్టర్లు వెళ్లిన దారి సన్నగా కనిపిస్తుంది. ఇవి కనిపిస్తే అదే చోట నిలబడి ఫోన్లో లొకేషన్ ఆన్ చేసి నాలుగు వైపులా ఫొటోలు తియ్యి. కోఆర్డినేట్లు రాసేటప్పుడు అక్షాంశం ముందు, రేఖాంశం తర్వాత. గుంటూరు 16.3, 80.4 దగ్గర ఉంటుంది. అటూ ఇటూ అయితే మీ చెరువు ఉత్తర ధ్రువం దగ్గరి సముద్రంలో తేలుతుంది, అర్జీల్లో ఈ తప్పు చాలాసార్లు చూశాను.

తర్వాత కాగితం. ప్రభుత్వ భూరికార్డుల సైట్ మీభూమిలో గ్రామ పటం, ఎఫ్‌ఎంబీ (సర్వే నంబర్ల కొలతల పటం), అడంగల్ చూసి మీ చెరువు సర్వే నంబరు పట్టుకో. అడంగల్‌లో చెరువు పోరంబోకు అని ఉండి, పటంలో ఉన్న హద్దుకీ ఇప్పటి ఫొటోలో హద్దుకీ తేడా వస్తే అదే నీ బలం. అహ్మదాబాద్‌లోని ఇస్రో కేంద్రం దేశమంతా చిత్తడి నేలల అట్లాస్ చేసింది కానీ దాన్లో హద్దులతో గీసినవి 2.25 హెక్టార్లు, అంటే సుమారు అయిదున్నర ఎకరాలు దాటినవే. అంతకంటే చిన్న చెరువుకి గ్రామ పటమే దిక్కు. ఊరుమ్మడి భూముల్లో ఆక్రమణలు తొలగించే ఏర్పాటు చేయాలని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకీ చెప్పింది, అది కూడా పంజాబ్‌లో ఒక ఊరి చెరువు కేసే. అర్జీలో ఆ మాట రాయి. సోమవారం కలెక్టరేట్‌లో ఇచ్చి రసీదు తీసుకో. ఒక్కడివే వెళ్లొద్దు, గేదెలు తోలుకెళ్లే వాళ్లనీ బట్టలుతికే వాళ్లనీ ఇద్దరు ముగ్గురిని వెంటబెట్టుకెళ్లు, చెరువు ఎక్కడిదాకా ఉండేదో అడుగుల లెక్కన చెప్పగలిగేది వాళ్లే.

2024 వరదలో మా ఇంట్లో గ్రౌండ్ ఫ్లోర్ మునిగింది. ఇప్పుడు వేరే చోట ఇల్లు చూస్తున్నాం. ఫోన్ యాప్‌లో ఎత్తు చూసి కొనొచ్చా? బుడమేరు పాత దారి మ్యాపులో తెలుస్తుందా?
– గృహిణి, సింగ్‌నగర్, విజయవాడ

యాప్ చూపించే ఎత్తు చూసి మాత్రం కొనొద్దమ్మా. ఆ యాప్‌లలో చాలావాటి వెనక ఉన్నది 2000 ఫిబ్రవరిలో అమెరికా అంతరిక్ష నౌక 11 రోజుల్లో కొలిచిన ఎత్తులు. కొండలకి సరిపోతుంది కానీ దాన్లో తేడా మీటర్లలో ఉంటుంది, మన దగ్గర ఒక్క అడుగు తేడాతో ఒక వీధి మునిగి పక్క వీధి తేలుతుంది. ఇక్కడ 18 మీటర్లు, అక్కడ 20 మీటర్లు అని చూపిస్తే దానికి ఏ అర్థమూ లేదు.

వరద రోజుల్లో మబ్బులు కమ్మి ఉంటాయి కాబట్టి మామూలు ఫొటోలు రావు, మబ్బులోంచి చూసే రాడార్ శాటిలైట్లు వాడతారు. ఆ మ్యాపులు హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం వాళ్ల భువన్ సైట్‌లో పెడుతుంటారు. పొలాలు ఎంతవరకు మునిగాయో వాటిలో బాగా తెలుస్తుంది. ఊళ్లో మాత్రం గోడలకి కొట్టుకుని రాడార్ కిరణాలు గట్టిగా తిరిగొస్తాయి, అందువల్ల నీళ్లు నిలిచిన వీధి కూడా పొడిగా ఉన్నట్టు పడుతుంది. మ్యాపులో నీలం లేదని ఆ వీధి మునగలేదు అనుకోవద్దు. మీరు చూసే ఇంటి చుట్టుపక్కల గోడల మీద నీటి మరక చూడండి, మెట్టు దగ్గర్నుంచి టేపుతో కొలవండి, కిరాణా కొట్టాయన్ని అడగండి. పాత దారికి మాత్రం సర్వే ఆఫ్ ఇండియా టోపో షీట్లు మంచివి, వాటిలో వాగులు నీలం గీతగా ఉంటాయి, వాళ్ల సైట్‌లో దొరుకుతాయి. ఆ గీతని ఇప్పటి శాటిలైట్ ఫొటో మీద పెట్టి చూస్తే వాగు దారిలో ఎన్ని కప్పులు లేచాయో కళ్లకి కడుతుంది.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. మైలవరం వైపు కొండల్లో పుట్టిన బుడమేరు చివరికి వెళ్లేది కొల్లేరుకే. కొల్లేటిలో నీరు పరుచుకునే చోటు లేకపోతే ఆ భారం వెనక ఉన్నవాళ్ల మీద పడుతుంది. 1999లో అయిదో కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అన్నారు, 2002లో ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది, 2006లో చేపల చెరువులు కొట్టేశారు, మళ్లీ లేచాయి. కాంటూరు అంటే ఏమీ లేదు, సముద్ర మట్టానికి అయిదు అడుగుల ఎత్తున్న నేలంతా కలుపుతూ గీసిన గీత. దాన్ని మూడో కాంటూరుకి తగ్గించమని ఎప్పటినుంచో అడుగుతున్నారు. వినడానికి రెండడుగులే. కానీ మూడో కాంటూరులో ఉండేది 135 చదరపు కిలోమీటర్లు. అంత చదునైన నేల మీద రెండడుగులంటే 170 చదరపు కిలోమీటర్లకి పైగా పోవడం. ఈ లెక్క సింగ్‌నగర్ వాళ్లకి కూడా తెలిసుండాలని నా ఆశ.

డ్రోన్ కొని ఉప్పలపాడు పక్షుల్ని వీడియో తీసి అవగాహన పెంచాలని ఉంది. ఏ డ్రోన్ మంచిది?
– పేరు రాయని పాఠకుడు, గుంటూరు

దయచేసి వద్దు. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గుడ్ల మీద కూర్చునే చోట డ్రోన్ ఎగిరితే అవి ఒక్కసారిగా లేచిపోతాయి, ఆ కొద్ది నిమిషాల్లో గుడ్లు ఎండకి మాడతాయి, కాకులు ఎత్తుకుపోతాయి. ఆ ఊరివాళ్లు తమ చెరువులో ఆ పక్షుల్ని ఇంటి బిడ్డల్లా చూసుకుంటూ వస్తున్నారు. మీ దగ్గర డబ్బుంటే మంచి బైనాక్యులర్ కొనండి, గట్టు మీద కూర్చుని ఏ చెట్టు మీద ఎన్ని గూళ్లో లెక్క రాయండి. ప్రతి జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది, దాన్లో చేరండి.

నేను స్కూల్లో సైన్స్ చెబుతాను. పిల్లలతో కలిసి చూసిన పక్షుల్ని, జంతువుల్ని యాప్‌లలో లొకేషన్‌తో సహా పెట్టిస్తున్నాను. ఇది మంచిదేనా, వేటగాళ్లకి దారి చూపినట్టు అవుతుందా?
– ఉపాధ్యాయురాలు, మంగళగిరి

మంచి పని చేస్తున్నారు టీచర్ గారూ, మీ అనుమానమూ సరైనదే. కాకి, గోరింక, కొంగ, పాలపిట్ట, ఇవి ఎక్కడ ఎన్ని ఉన్నాయో ఈబర్డ్‌లో పెట్టించండి, అలా మామూలు మనుషులు రాసిన లెక్కలతోనే ఏ పక్షి తగ్గుతోందో దేశంలో తేలుతోంది. ఉప్పలపాడు లాంటి అందరికీ తెలిసిన చోటుకి దాపరికం అక్కర్లేదు. గుడ్లగూబ గూడు, నక్షత్ర తాబేలు, అలుగు, బావురు పిల్లి లాంటివి కనిపిస్తే మాత్రం కచ్చితమైన చోటు బయట పెట్టొద్దు. ఐనాచురలిస్ట్‌లో ప్రమాదంలో ఉన్న జాతులకి చోటుని దానంతటదే ఇరవై కిలోమీటర్ల పైచిలుకు గడిలో ఎక్కడో ఒకచోట చూపిస్తుంది, మిగతావాటికి ఆ సెట్టింగ్ మనమే పెట్టుకోవాలి. ఇంకోటి, ఫోన్‌తో తీసిన ఫొటో లోపల లొకేషన్ దాగి ఉంటుంది, ఒరిజినల్ ఫైలు ఎవరికైనా పంపితే అదీ వెళ్లిపోతుంది. పంపే ముందు అది తీసేయడం పిల్లలకి నేర్పండి. గూడు ఉన్న చెట్టు సంగతి అటవీ శాఖ బీట్ ఆఫీసర్‌కి చెబితే చాలు.

అడవులు పెరిగాయని నివేదికలు వస్తుంటాయి. నేను ముప్పై ఏళ్లుగా కొండపల్లి, మైలవరం వైపు తిరుగుతున్నాను, నాకు తరిగినట్టే ఉంది. ఎవరిది తప్పు?
– రిటైర్డ్ ఉద్యోగి, విజయవాడ

ఎవరిదీ తప్పు కాదండీ, మీరు అడవి అనేది ఒకటి, ఆ నివేదిక లెక్కపెట్టేది ఇంకొకటి. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా 1987 నుంచి ఈ నివేదికలు ఇస్తోంది. ఒక హెక్టారు, ఆపైన ఉన్న నేల మీద చెట్ల నీడ పది శాతం ఉంటే చాలు, అది అటవీ విస్తీర్ణంలోకి వస్తుంది. ఆ నేల ఎవరిది, చెట్టు ఏది అన్న పట్టింపు లేదు. వాళ్లు ఆ సంగతి దాచిపెట్టలేదు, నివేదికలోనే రాస్తారు, మనం చదవం. అంటే నూజివీడు మామిడి తోటా లెక్కే, జామాయిల్ తోటా లెక్కే, కాగితం మిల్లుకి వేసే సుబాబులూ లెక్కే. కొండ మీద వందేళ్ల అడవి పోయి, కింద అంతే సుబాబుల్ లేస్తే లెక్క సమానం.

23.5 మీటర్ల చుక్కల్లో చూసే శాటిలైట్‌కి ఒక్కో చెట్టు ఏదో తెలియదు. కొండపల్లి బొమ్మకి కావాల్సింది తెల్లపొణికి చెట్టు కర్ర. తేలిగ్గా ఉంటుంది, ఉలికి మెత్తగా లొంగుతుంది, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతుకులు బాగా పడతాయి. ఆ చెట్లు కొండ మీద ఎన్ని మిగిలాయో ఆకాశంలోంచి చూసి చెప్పలేం. ఒకసారి బొమ్మల కాలనీలో ఒక పెద్దాయనకి ఫోన్లో కొండల ఫొటో చూపించాను. మొదట ఏమీ పోల్చుకోలేదు, ఖిల్లా ఎక్కడుందో చూపిస్తే అక్కణ్నుంచి వేలు మెల్లగా జరుపుకుంటూ వెళ్లి ఒక లోయ దగ్గర ఆపి, మా నాన్న ఇక్కణ్నుంచే కర్ర తెచ్చేవాడు అన్నారు. ఆ వేలు ఆగిన చోట నేను ఒక గుర్తు పెట్టుకున్నాను, ఆ తర్వాత అలాంటివి ఇంకో తొమ్మిది పెట్టించుకున్నాను. తెల్లపొణికిని కాపాడాలన్నా, మళ్లీ నాటాలన్నా ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలో చెప్పేవి అలాంటి గుర్తులే. మీరూ ముప్పై ఏళ్లు తిరిగారు కదా, ఏ సంవత్సరం ఏ వాలు మీద ఏ చెట్లుండేవో గుర్తున్నంతవరకు మ్యాపు మీద రాసి పెట్టండి, చేతిరాతైనా పర్లేదు.

కొండవీడు కొండల్లో మంటల గురించి గుంటూరు నుంచి ఇద్దరు రాశారు, వాళ్లకీ ఇక్కడే చెప్పేస్తాను. ఫారెస్ట్ సర్వే సైట్‌లో మీ ఫోన్ నంబరు నమోదు చేసుకుంటే శాటిలైట్ మంట పసిగట్టినప్పుడు మెసేజ్ వస్తుంది. అది చూపించేది 375 మీటర్ల గడి, అంతకంటే కచ్చితంగా కాదు. శాటిలైట్ మన మీదుగా రోజుకి కొన్నిసార్లే వెళుతుంది కాబట్టి మధ్యలో అంటుకుని ఆరిపోయిన మంట దానికి తెలియదు. అదే సమయంలో కొండ కింద చేలో మిరప కట్టె తగలబెట్టినా, ఇటుక బట్టీ మండినా మెసేజ్ రావచ్చు. అందుకని మెసేజ్ రాగానే టెన్షన్ పడకుండా కొండ కనిపించే ఊళ్లో తెలిసినవాళ్లకి ఫోన్ చేసి పొగ ఎటు ఉందో అడగండి, కొండ మీదే అయితే వెంటనే అటవీ శాఖకీ 101కీ చెప్పండి.

మాది నాగాయలంక దగ్గర. విజయవాడలో హాస్టల్లో ఉండి చదువుతున్నాను. మా నాన్న పడవ మీద చేపలకి వెళ్తారు. మా మడ అడవి మ్యాపులో చూస్తే ఖాళీగా పచ్చగా ఉంటుంది, ఒక్క పేరు ఉండదు. నేను ఏమైనా చేయగలనా మేడమ్?
– ఇంజినీరింగ్ విద్యార్థిని, విజయవాడ

ఈ నెల ఉత్తరాల్లో నాకు అన్నిటికంటే నచ్చింది మీదేనమ్మా. కృష్ణా అభయారణ్యం 194 చదరపు కిలోమీటర్ల పైన ఉంటుంది, దాన్లో ఎన్ని పాయలు, ఎన్ని దిబ్బలు, ఒక్కోదానికి మీ వాళ్ల దగ్గర ఒక్కో పేరు ఉండే ఉంటుంది. బావురు పిల్లి కనిపించిందనో, మడ చెట్లు ఎవరో కొట్టారనో చెప్పాలంటే మీ నాన్నగారు పేరుతో చెబుతారు, అవతల ఆఫీసులో ఉన్నవాళ్ల మ్యాపులో ఆ పేరు ఉండదు, అక్కడే సగం పని ఆగిపోతుంది.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అని ఒకటుంది, ఎవరైనా ఖాతా తెరిచి రాయొచ్చు, తెలుగు పేరుకి విడిగా గడి ఉంటుంది. సెలవులకి ఇంటికి వెళ్లినప్పుడు నాన్నగారి పడవ ఎక్కండి. ఫోన్లో ట్రాక్ రికార్డు చేసే యాప్ ఆన్ చేసి, నీళ్లు పడకుండా కవరులో పెట్టుకోండి. సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది, దానికి ఇంటర్నెట్ అక్కర్లేదు, పైన ఆకాశం కనిపిస్తే చాలు. ఒక పాయలోంచి ఇంకో పాయలోకి తిరిగిన ప్రతిచోటా గుర్తు పెట్టి, నాన్నగారు చెప్పిన పేరు ఆయన గొంతుతోనే రికార్డు చేయండి.

మడ మొక్కలు నాటడానికి తవ్విన కాలవలు కూడా చూడండి. మధ్యలో ఒక పెద్ద కాలవ, దానికి రెండువైపులా ఏటవాలుగా పిల్ల కాలవలు, పైనుంచి చూస్తే అచ్చం చేప ముల్లులా ఉంటుంది. పోటు నీళ్లు లోపలిదాకా వచ్చి, పాటుకి తిరిగి వెళ్లడానికి అలా తవ్వుతారు. శాటిలైట్ ఫొటోలో ఆ ముల్లు ఆకారం పచ్చగా మారుతున్న చోట మొక్క బతికినట్టు, బూడిద రంగులోనే ఉండిపోయిన చోట బహుశా కాలవ పూడి నీళ్లు ఆడట్లేదు. అలాంటి చోట పడవ ఆపి కాలవ నోటి దగ్గర లోతు ఎంతుందో తెడ్డుతో చూసి రాసుకోండి.

నిజమైన మడ చెట్లకీ రొయ్యల చెరువు గట్టు మీది సరుగుడుకీ తేడా మీకు చెప్పక్కర్లేదు, కానీ ఫొటో చూసి మ్యాపు గీసే వాళ్లు రెండూ ఒకటే అనుకుంటారు. అలాంటివి కనిపిస్తే సరిదిద్దండి. బావురు పిల్లి కనిపించిన చోటు మాత్రం మ్యాపులో పెట్టొద్దు, పై జవాబులో టీచర్ గారికి చెప్పిందే మీకూనూ.

ఒకే పాయని సొర్లగొందిలో ఒక పేరుతో, మీ ఊళ్లో ఇంకో పేరుతో పిలిస్తే రెండూ రాయండి.